ఋ దగ్గర కన్నం

ఓట్టేరి కాలవ పక్కన కార్పొరేషన్ బడి.
మూడో తరగతి దాకా నేనందులోనే.
తెలుగు చదివే పిల్లలు పదకొండుమందయ్యారు, ఆరుగురయ్యారు,
చివరికి ఒక అన్నా చెల్లెలూ మిగిలారు.
తాళం పడింది.
నిరుడు ఆ తాళం తీసి
గేటుకి కొత్త బోర్డు కొట్టారు. తమిళం, కూడబలుక్కున్నాను:
నైపుణ్య శిక్షణ కేంద్రం.

వార్డు ఆఫీసులో ఫారం నింపే కుర్రాడు అడిగాడు,
"నీకేం పని వచ్చక్కా?"
పందొమ్మిదేళ్ళు కాంట్రాక్టులో వీధులూడ్చాను.
వాన పడితే ముందు ఏ మూత పొంగుతుందో
వాసన పట్టి చెప్పగలను.
చేపల బజారు సోమవారం ఎన్ని బళ్ళ చెత్త పోస్తుందో
చూడకుండా చెప్పగలను.
వాడు కాసేపు పెన్ను కొరికి
"నైపుణ్యం: లేదు" అని రాశాడు.
మంచి పిల్లాడే. గడి చిన్నది.

టైలరింగులో సీట్లయిపోయాయి.
బ్యూటీషియన్ కోర్సు నా చేతులు చూసుకుని నేనే వద్దన్నాను.
మిగిలింది ఏసీ మెకానిక్.
ఇరవై మంది మగపిల్లలు, హబీబా, నేను.
మా ఇంట్లో ఏసీ లేదు.
హబీబా ఇంట్లో ఫ్యాను కూడా ఒక రెక్క వంగి తిరుగుతుంది.

తిరునావుక్కరసు సారు పాఠం తమిళంలో,
పుస్తకం ఇంగ్లీషులో,
నా రాతలు తెలుగులో:
కంప్రెసర్ అంటే గుండె.
కండెన్సర్ అంటే చెమటపట్టిన వీపు.
కేపిలరీ, పిల్లపేగు.
"వేడిని ఎవరూ చంపలేరమ్మా" అన్నాడు సారు,
"ఒకచోట ఎత్తి ఇంకోచోట పోస్తాం, అంతే."
ఆ ముక్క మాత్రం నేను రాసుకోలేదు.
చెత్తా అంతే కద సారూ.

ఆరోవారం గోడకి యూనిట్ బిగించడం.
సారు పెన్సిల్ గుర్తు పెట్టి డ్రిల్లు నా చేతికిచ్చాడు.
మొన తాకగానే అరచెయ్యంత పెచ్చు ఊడింది.
సున్నం కింద నీలం, నీలం కింద పసుపు,
పసుపు కింద నల్లటి కొస ఒకటి.
కొంగుతో తుడిచాను.
ఋ.
దీని దగ్గరే సుగుణ టీచరు నా చెవి మెలిపెట్టింది,
"నీకెప్పుడూ అక్కర్లేదు గానీ నేర్చుకోవే" అని.
నిజంగానే అక్కర్లేకపోయింది.
ఋణం అని రాయాల్సినప్పుడల్లా
అప్పిచ్చినవాళ్ళే రాసుకున్నారు.

కన్నం రెండంగుళాలు జరపమన్నాను.
ఎందుకన్నాడు సారు.
"ఇక్కడ గోడ గుల్ల, సార్."
గోడ గట్టిగానే ఉంది.

ఉద్యోగ మేళా. షామియానా, మజ్జిగ, కౌన్సిలరమ్మతో ఫోటో.
సర్టిఫికెట్లో గంగులమ్మని కంకులమ్మ చేశారు.
తొమ్మిదిమంది అబ్బాయిలకి ఉద్యోగాలొచ్చాయి,
హబీబాకి ఫోనెత్తే పని.
నా వయసు నలభై ఒకటి అనగానే
బల్ల వెనక టై కట్టుకున్న పిల్లాడు
మర్యాదగా లేచి నిలబడ్డాడు.
అప్పుడే నాకర్థమైంది.

తెల్లారి ఊడుస్తున్నాను, మధ్యాహ్నం నుంచి
సెకండ్ హ్యాండ్ గేజీ, తాడు, నిచ్చెన.
మే నెలలో కీళ్పాక్కం నుంచి పిలుపు.
అది నేను ఎనిమిదేళ్ళు ఊడ్చిన వీధి.
కోటు లేకపోతే ఆ ఇంటావిడ నన్ను గుర్తుపట్టలేదు,
"టైముకొచ్చావు" అంది, నేనెప్పుడూ రాలేదన్నట్టు.

రెండో అంతస్తు సన్‌షేడ్ మీద కూచుని కిందికి చూశాను.
పై నుంచి నా వీధిని చూడటం అదే మొదలు.
పాత యూనిట్ ఊదే వేడంతా
సరిగ్గా మలుపు దగ్గర పడుతోంది.
అక్కడ కొత్తగా చేరిన పిల్ల ఒకతె
చీపురు చంకలో పెట్టి మెడ తుడుచుకుంటోంది.
ఎన్నేళ్ళు ఆ మలుపులో
ఎండని తిట్టుకున్నానో.

స్టాండు విప్పి, మూతి
రైలు పట్టాల వైపు తిప్పి బిగించాను.
రెండు బోల్టులు ఎక్కువ పట్టాయి.
బిల్లులో రాయలేదు.